చెత్తబండికి అనుమతి లేదు

తైచుంగ్,
సోమవారం.

గౌరవనీయులైన కో అన్నయ్యగారికి,

యా-లింగ్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం కాను. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.

ఫోన్ ఎత్తరనీ, గ్రూపులో పెట్టిన మెసేజీలు చూడరనీ, "నాకేమీ తెలియదనుకుని ఈమెయిలైనా సరే మొదటినుంచీ ఉత్తరంలా రాస్తేనే పని చేస్తాను" అంటారనీ మా యజమాని ఫాన్ గారు చెప్పారు. ఈ ఆఫీసులో చేరిన దగ్గర్నుంచీ మిమ్మల్ని కళ్ళతో చూడలేదు. మన సర్వర్లకి పెద్దదిక్కు మీరేననీ, చాంగ్‌హువాలో ఇంట్లోనే కూర్చుని వాటిని నడిపిస్తారనీ మాత్రం విన్నాను. కాబట్టి మీ నియమం ప్రకారమే మొదటినుంచీ రాస్తున్నాను.

మనది చెత్తబండి యాప్. ఏ వీధికి బండి ఏ వేళకి వస్తుందో ఫోన్లో చూపిస్తుంది. జనం అది చూసుకుని సంచులు పట్టుకుని కిందికి దిగుతారు. మీ పట్టణంలో పెద్ద రోడ్డు తవ్వడంతో బండ్ల దారులన్నీ మారాయి. మన యాప్ మాత్రం ఇంకా పాత వేళలే చూపిస్తోంది. కొత్త వేళలతో యాప్ రాసి సిద్ధంగా ఉంచాను. అది జనం ఫోన్లలోకి వెళ్ళాలంటే, మన సర్వర్ రోజూ సాయంత్రం తనంతట తాను చేసుకునే బిల్డ్, అంటే నేను రాసినదాన్ని యాప్‌గా కట్టే పని, పూర్తికావాలి. అదే కావడం లేదు.

కారణం నాకు తెలిసినంతలో ఇది. బిల్డ్ పనంతా కంటైనర్లో, అంటే సర్వర్లోనే విడిగా కట్టిన ఒక గదిలో, జరుగుతుంది. అందులో పని చేసేది రూట్. లినక్స్ యంత్రానికి సర్వాధికారి ఆయనేనని మీకు చెప్పనక్కర్లేదు గానీ, మీ నియమం కదా, చెబుతున్నాను. ఆయన చేసిన ప్రతి ఫైలూ ఆయన పేరు మీదే ఉండిపోతుంది. మర్నాడు మామూలు బిల్డ్ ఖాతా వచ్చి, కట్టడం మొదలుపెట్టే ముందు నిన్నటి ఫైళ్ళు ఊడ్చబోతే "అనుమతి లేదు" అంటుంది యంత్రం. అక్కడితో అంతా ఆగిపోతుంది. పూర్తి నివేదిక కూడా రూట్ గారి పేరు మీదే ఉంది కాబట్టి చివరి లైను తప్ప నాకేమీ కనపడదు.

మీరు చెయ్యవలసింది ఆ ఫోల్డర్‌ని బిల్డ్ ఖాతా పేరు మీదకి మార్చడం, కంటైనర్ని రూట్ బదులు అదే ఖాతాతో నడిపించడం. అంతే.

చంద్రుడి పండుగ దగ్గరకొచ్చేసింది. ఆ రోజు ఊరంతా వీధుల్లో మాంసం కాల్చుకుంటారు. ఎంత చెత్త పోగవుతుందో మీకు తెలుసు. పండుగనాడు వేళలు సరిగ్గా చూపిస్తే పని మనకే ఇస్తామనీ, లేకపోతే ఇంకొకరికి ఇస్తామనీ పట్టణ కార్యాలయం వాళ్ళు తేల్చి చెప్పారు. "ఈ పని పోతే షట్టరు దించెయ్యడమే" అన్నారు ఫాన్ గారు. షట్టరు దించితే నేను మా పిన్ని తినుబండారాల బండి దగ్గర మళ్ళీ కోడికాళ్ళు ఉడకబెట్టుకోవాలి. ఆ వాసన జుట్టులోంచి పోవడానికి ఏడాది పట్టింది అన్నయ్యా.

మీ దయ కోసం ఎదురుచూసే,
త్సెంగ్ యా-లింగ్.

తా.క.: సర్వర్ని యంత్రాలు ఉంచే అద్దె హాల్లోకి మార్చారట కదా, దాని మీద పచ్చ పొట్లం పెట్టారా? "బుద్ధిగా ఉండు" అని పేరున్న ఆ చిరుతిండి పొట్లం నెత్తిన పెట్టకపోతే ఏ యంత్రమూ మాట వినదని మీ అంతటివారికి నేను చెప్పాలా? చదువుకున్నదాన్నే, కానీ పొట్లం లేని యంత్రాన్ని నమ్మలేను.


చాంగ్‌హువా,
మంగళవారం.

చెల్లెమ్మ యా-లింగ్‌కి కో దీవెనలు.

ఉత్తరం బాగా రాశావు. ఈ కాలం పిల్లల్లో మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా క్రియాపదాలున్న ఉత్తరం చూసి ఎన్నాళ్ళయిందో.

నువ్వు చెప్పినవి రెండూ చేశాను. ఫోల్డర్ ఇప్పుడు బిల్డ్ ఖాతా పేరు మీద ఉంది. కంటైనర్ కూడా ఆ ఖాతాతోనే నడుస్తుంది. రూట్‌ని ఆ గడప తొక్కనివ్వను. ఇలాంటి రోగానికి ఇదే మందు. ముప్పై ఏళ్ళుగా ఈ మందు వికటించడం నేను చూడలేదు. ఇక నిశ్చింతగా ఉండు.

పాత వేళల సంగతి నాకు చెప్పక్కర్లేదు. మేముండేది నాలుగో అంతస్తు. నిన్న మీ యాప్ చూసుకుని మా ఆవిడ మేయ్-చూ రెండు చేతుల్లో రెండు సంచులతో కింద నిలబడింది. బండి రాలేదు. పైకొచ్చి చెప్పులు విప్పుతుంటే బండి పాట వినిపించింది. మళ్ళీ పరిగెత్తింది. వీధి మొదటికి చేరేసరికి బండి మలుపు తిరిగిపోయింది. సంచి నేల మీద పెట్టి రావడానికి లేదు, మన ఊళ్ళో చెత్త చేతి నుంచి బండిలోకే వెళ్ళాలి. "యాప్ మీ ఆఫీసుదే కదా" అంది. నేను దినపత్రికలో తల దూర్చాను.

నీ క్షేమం కోరే,
కో మెంగ్-షుంగ్.

తా.క.: పొట్లం సంగతి అడిగినందుకు నిన్ను మెచ్చుకోవాలి. అద్దె హాల్లోకి తినే వస్తువులు రానివ్వరట. కాపలావాడు నా చేతిలోంచి లాక్కుని తన బల్ల మీద పెట్టుకున్నాడు. అయినా వేరే ఏర్పాటు చేశాను. పాత ఆఫీసులో ఎవరో రెండు కాళ్ళ ఎలుక పొట్లాలు విప్పి తినేసేది. ఈసారి వేసిన తాళాన్ని ఎలుక కాదు కదా, సర్వాధికారి వచ్చినా ముట్టుకోలేడు.


తైచుంగ్,
బుధవారం.

పూజ్యులైన కో అన్నయ్యగారికి,

మీ ఉత్తరం చూసి పిన్నికి ఫోన్ చేసి "నేను రాను, ఇంకొకర్ని చూసుకో" అన్నాను. సాయంత్రం బిల్డ్ మొదలైంది. మొదలైన చోటే ఆగింది. చివరి లైను: అనుమతి లేదు.

అదే మాట, అక్షరం పొల్లుపోలేదు. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు ఆపుకోలేక కాదు, ఆపుకోవడం అనవసరమనిపించి. ఫాన్ గారు వచ్చి నా భుజం తట్టి, ఒక గ్లాసు సోయాపాలు పెట్టి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

మీ మందు సరైనదే, నాకు సందేహం లేదు. కానీ ఆ ఫోల్డర్లో ఇంకేదో బిల్డ్ ఖాతాకి లొంగనిది ఉన్నట్టుంది. పూర్తి నివేదిక చదివితే అదేమిటో తెలుస్తుంది. దయచేసి మీరు చదవండి, లేదా నన్ను చదవనివ్వండి.

ఈ రోజు పట్టణ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. మీ వీధిలో ఎవరో పెద్దావిడ వాళ్ళ కౌంటర్ దగ్గరకి సంచులతో సహా వచ్చి "బండి ఇక్కడికి వస్తుందని యాప్ చెప్పింది" అని కూర్చుందట. ఎవరో మీకు తెలుసా?

ఆశ వదులుకోలేని,
యా-లింగ్.

తా.క.: పెద్దవారు, తప్పుగా అనుకోవద్దు. పొట్లం పచ్చదేనా? పసుపుది పెడితే యంత్రం పడకేస్తుంది, ఎర్రది పెడితే నిప్పులు కక్కుతుంది. గడువు తేదీ కూడా ఒకసారి చూడండి. గడువు దాటిన పొట్లం కన్నా అసలు లేకపోవడమే మేలంటారు.


చాంగ్‌హువా,
గురువారం.

త్సెంగ్ యా-లింగ్ గారికి,

"గారు" అన్నానని గమనించావనుకుంటాను. నాకు కోపం వస్తే మర్యాద ఎక్కువవుతుంది.

పసుపు పొట్లమా? నేనా? నువ్వు పుట్టకముందు నుంచి యంత్రాల నెత్తిన పచ్చ పొట్లాలు పెడుతున్నవాణ్ణి. తుఫాను వచ్చి సగం ఊరు చీకటైన రోజున కూడా నా యంత్రాలు నడిచాయి. ఇక నివేదిక నన్ను చదవమంటావా? చేసిన పని నాకు తెలియదా? వండినవాడు వంట పుస్తకం చూసుకుంటాడా?

అయినా నీ ఏడుపు సంగతి చదివి మనసు కరిగింది. నీకు అనుమతులే కదా కావాలి, తీసుకో. బిల్డ్ ఖాతా ఇంట్లో ఉన్న ప్రతి ఫైలుకీ, ప్రతి ఫోల్డరుకీ ఏడు ఏడు ఏడు పెట్టేశాను. చదవడానికి, రాయడానికి, నడపడానికి అందరికీ అనుమతే. దారినపోయే దానయ్య వచ్చినా నడిపించుకోవచ్చు. ఇలా పెట్టేవాళ్ళని నేను ఒకప్పుడు ఉద్యోగంలోంచి తీసేయించాను. నీ కోసం నా నియమం నేనే తప్పాను. నివేదిక కూడా తెరిచే ఉంది, రాత్రంతా కూర్చుని చదువుకో.

కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దావిడ ఎవరో నాకు తెలియదు. సాయంత్రం మా ఇంటికే వచ్చింది, అన్నం పళ్ళెం చప్పుడయ్యేలా నా ముందు పెట్టింది. ఇంట్లో సంచులు వంటగది దాటి హాల్లోకి వచ్చాయి. చేపముళ్ళు వాసన రాకుండా ఫ్రీజర్లో పెట్టింది. మంచు ముక్క కోసం తెరిస్తే ఒక చేప తల నా వంక చూసింది.

ఇట్లు,
కో.

తా.క.: గడువు మాటకి మాత్రం ఉలిక్కిపడ్డాను. చూస్తే నిజంగానే దగ్గరపడింది. ఈ ఉదయమే కొత్తది తెచ్చి మార్చాను, తాళం మళ్ళీ బిగించాను. ఇకనుంచి రోజూ ఉదయం లేవగానే కొత్తది పెడతాను. పళ్ళు తోముకునే ముందే.


తైచుంగ్,
శుక్రవారం.

కో అన్నయ్యా,

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఏమిటో ఇవాళ అర్థమైంది.

మన బిల్డ్ మొట్టమొదట చేసే పని, కంపెనీ భాండాగారంలోంచి నేను రాసినది తెచ్చుకోవడం. దానికో తాళంచెవి ఫైలు ఉంది. నిన్నటిదాకా ఆ గుమ్మం నిక్షేపంగా దాటేది. ఇవాళ ఏమందో తెలుసా? "ఈ తాళంచెవి ఊరందరికీ అందుబాటులో ఉంది, ఇలాంటిది నేను వాడను" అంది. అనుమతి లేదని ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఇప్పుడు అనుమతి ఎక్కువైందని అది ఏడుస్తోంది. నివేదిక తెరిచి చూశాను, అందులో ఈ తాళంచెవి గొడవ ఒక్కటే ఉంది. పాత నివేదిక మీద ఇవాళ్టిది రాసేసింది. నేను చదవాలనుకున్నది పోయింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మనకి పూజారి వరమిచ్చాక దేవుడు వద్దంటున్నాడు.

మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ తాళంచెవి ఫైలు ఒక్కదాన్ని బిల్డ్ ఖాతా తప్ప ఎవరూ చదవకుండా మూసెయ్యండి. ఒక్కటే. మిగతా దేన్నీ ముట్టుకోవద్దు. పండుగ వచ్చే వారమే. పండుగనాడు యాప్ తెరవగానే నిండు చంద్రుడు కనపడేలా బొమ్మ కూడా పెట్టాను. తెరచిత్రాల ఫోల్డర్లో అన్నిటికన్నా కొత్త బొమ్మ ఏదుంటే అదే చూపిస్తుంది. చాలా అందంగా ఉంది అన్నయ్యా. ఎవరూ చూడకుండానే పోతుందేమో.

ఫాన్ గారు ఇవాళ ఆఫీసులో పూలకుండీలు లెక్కపెడుతున్నారు. ఎందుకని అడిగితే, "ఏవి ఎవరు పట్టుకెళ్తారో ఇప్పుడే అనుకుంటే తర్వాత గొడవ ఉండదు" అన్నారు.

దిక్కుతోచని,
యా-లింగ్.

తా.క.: పిన్నికి మళ్ళీ ఫోన్ చేశాను. "ఎసరు పెట్టే ఉంచాను" అంది. ఆవిడకి నా మీద ఉన్న నమ్మకం అలాంటిది. మీరు రోజూ పొట్లం మారుస్తున్నందుకు మాత్రం చేతులెత్తి మొక్కుతున్నాను. ఈ గండంలో సవ్యంగా జరుగుతున్న పని అదొక్కటే.


చాంగ్‌హువా,
ఆదివారం.

యజమానురాలు యా-లింగ్ గారికి కో నమస్కారములు.

ఇలా ఎందుకు పిలిచానో కిందికి చదివితే తెలుస్తుంది. కూర్చుని చదువు.

నిన్న తాళంచెవి ఫైలు నువ్వు చెప్పినట్టే మూశాను. బిల్డ్ నడిపించాను. ఆ గుమ్మం దాటింది. నేను చప్పట్లు కొట్టాను. రెండో అడుగులో పాత చోటే పడింది. అనుమతి లేదు. అదే ఫోల్డరు, అదే ఊడ్చే పని. అన్నీ బిల్డ్ ఖాతా పేరు మీదే పెట్టినా, అన్నిటికీ ఏడు ఏడు ఏడు ఇచ్చినా, ఇంకా దేనికి అనుమతి లేదో ఆ యంత్రానికే తెలియాలి.

సరే, ఈ పిల్ల రోజూ అడిగేదీ ఇదే కదా, ఫోల్డరు మొత్తం తన పేరు మీదే రాసేద్దాం, ఇక ఎవరి అనుమతితోనూ పని ఉండదు అనుకున్నాను. ఆజ్ఞ టైపు చేస్తున్నాను. సరిగ్గా అప్పుడు బండి పాట వినపడింది. యాప్ ప్రకారం ఆ వేళకి బండి రాకూడదు. "ఏవండీ! వచ్చేసింది! లేవండీ! ఆ పెట్టె మొహాన్ని తర్వాత చూసుకోవచ్చు!" అని మేయ్-చూ అరిచింది. నేను ఏ ఫోల్డర్లో నిలబడ్డానో చూసుకోకుండా మీట నొక్కి, నాలుగు సంచులు పట్టుకుని పరిగెత్తాను.

నేను నిలబడింది ఫోల్డర్లో కాదమ్మా. యంత్రానికి నడినెత్తిన.

బండి అందలేదు. సంచులతో తిరిగొచ్చేసరికి, ఆ సర్వర్లో ఉన్న ప్రతి ఫైలూ నీ పేరు మీదకి వెళ్ళిపోయింది. కంపెనీ ఉత్తరాలు నీవే. ఫాన్ గారి పుట్టినరోజు ఫోటోలు నీవే. చివరికి నేను సర్వాధికారిగా మారడానికి వాడే సుడో కూడా నీదే. అది నన్ను చూసి "నా యజమాని రూట్ కాకపోతే నేను పనిచెయ్యను" అంది. బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోబోతే, నా ఇల్లు నా పేరు మీద లేదు కాబట్టి నన్ను గుమ్మంలోనే ఆపేసింది. నేను కట్టిన ఇల్లు. నేను పెట్టిన తాళాలు.

నువ్వు ముందునుంచే లోపల ఉండివుంటే బయటికి రాకు. ఒక్కసారి వస్తే నిన్ను కూడా రానివ్వదు. రేపు అద్దె హాలుకి నేనే వెళ్ళి, వాళ్ళ చేత యంత్రాన్ని ఆపించి, కాళ్ళో గడ్డమో పట్టుకుని నా కుర్చీ నేను తెచ్చుకోవాలి.

మేయ్-చూతో నిజం చెప్పేశాను. "మీ యంత్రం కూడా మిమ్మల్ని ఇంట్లోంచి గెంటేసిందా? దానికి నాకన్నా ఓపిక ఎక్కువ, ముప్పై ఏళ్ళు పట్టింది" అంది.

నీ కింద పనిచేసే,
కో మెంగ్-షుంగ్.

తా.క.: యాజమాన్యం మారుతున్నప్పుడు ఏదో ఒక్క ఫైలు మాత్రం "నేను మారను" అన్నట్టు ఒక లైను కనపడింది. కంగారులో పేరు చూడలేదు. లక్షల ఫైళ్ళలో ఒకటి పోతే ఏం, పట్టించుకోకు.


తైచుంగ్,
ఆదివారం సాయంత్రం.

అన్నయ్యా,

నేను లోపలే ఉన్నాను. సమస్తమూ నా పేరు మీదే ఉందని తెలిశాక ఒక గంటసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఏది ముట్టుకుంటే ఏది కూలుతుందో అని భయం. తర్వాత నేను మొదటినుంచీ అడుగుతున్న పని నేనే చేశాను. నిన్నటి బిల్డ్ నివేదిక తెరిచి, చివరి లైను కాకుండా దాని పై లైను చదివాను.

బిల్డ్ అన్నీ ఊడ్చింది అన్నయ్యా. మీరు మొదటిరోజు వేసిన మందు అక్షరాలా పనిచేసింది. ఒక్క ఫైలు దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆ ఫైలుని ఎవరూ తుడిచెయ్యలేకుండా, మార్చలేకుండా తాళం వేసి ఉంది. సర్వాధికారే వచ్చినా ముందు ఆ తాళం తియ్యాలి. ఈ యంత్రంలో ప్రతిదీ నాదే, అదొక్కటే నాది కాదు. మీరు పట్టించుకోవద్దన్న ఫైలు అదే.

దాని పేరు "పచ్చ-పొట్లం".

తెరిచి చూశాను. ఫోటో. వంటింటి బల్ల మీద పచ్చ పొట్లం, ముందువైపు గడువు తేదీ స్పష్టంగా కనపడేలా నిలబెట్టారు. దాని వెనక కొండలా చెత్తసంచులు. సంచుల మధ్య ఒక పెద్దావిడ, ఒక చేత్తో చేపముళ్ళ బకెట్టు, ఇంకో చెయ్యి నడుం మీద, ఫోటో తీస్తున్నవాడిని ఆ క్షణాన ఏం చెయ్యాలా అని చూస్తోంది. ఆవిడే పట్టణ కార్యాలయం కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ అని నాకెందుకో గట్టిగా అనిపిస్తోంది.

హాల్లోకి పొట్లం రానివ్వకపోతే, పొట్లం ఫోటో తీసి బిల్డ్ ఫోల్డర్లో పెట్టారా? ఎలుక తినకుండా తాళం వేశారా? రోజూ ఉదయం మార్చి మళ్ళీ తాళం వేశారా? బిల్డ్ ఊడ్చబోయిన ప్రతిసారీ అడ్డుపడింది ఆ తాళమే. బిల్డ్ బుద్ధిగా ఉండాలని పెట్టిన పొట్లమే బిల్డ్‌ని చంపుతోంది.

మిమ్మల్ని తిడదామని ఇక్కడిదాకా రాశాను. అప్పుడు నా మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. పొట్లం పెట్టమని అడిగింది నేను. గడువు చూడమని తరిమింది నేను. రోజూ మారుస్తున్నారని చేతులెత్తి మొక్కింది నేను. బిడ్డని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికాను. కాబట్టి ఎవరినీ తిట్టలేకపోతున్నాను.

రేపు మీ కుర్చీ మీకు రాగానే ముందు ఆ తాళం తియ్యండి. పొట్లాన్ని బయటికి తీసెయ్యమనను. ఆ పాపం నాకొద్దు, పండుగ ముందు అసలే వద్దు. ఎక్కడైనా పెట్టుకోండి. ఆ ఒక్క ఫోల్డర్లో తప్ప ఎక్కడైనా సరే.

మీ యజమానురాలు (రేపటిదాకా),
యా-లింగ్.

తా.క.: ఫాన్ గారి పుట్టినరోజు ఫోటోలు నేను చూడలేదు. ఒక్కటి చూశాను. పాత ఆఫీసులో పచ్చ పొట్లం విప్పి తింటున్న ఎలుక ఎవరో తెలిసింది. ఆయన ఆ పొట్లాన్ని కేకు పక్కనే పెట్టుకున్నారు.


చాంగ్‌హువా,
పండుగ మర్నాడు.

చెల్లెమ్మ యా-లింగ్‌కి,

నా దీవెనలు నీకు చేరతాయో లేదో తెలియదు. ఈ ఇంట్లో నా మాటకి ఇప్పుడు ఏ బలమూ లేదు.

ముందు నీ సంగతి. సోమవారం హాలుకి వెళ్ళాను. కాపలావాడి బల్ల మీద నా పాత పొట్లం ఖాళీగా ఉంది. యంత్రాన్ని ఆపించి, నా అధికారం నేను తెచ్చుకుని, ఎవరివి వాళ్ళకి తిరిగి రాసేసరికి సాయంత్రమైంది. తాళం తీశాను. బిల్డ్ నడిపించాను. అది ఊడ్చింది, కట్టింది, పూర్తిచేసింది. ఒక్క మాట అనలేదు. యాప్ ఊరందరి ఫోన్లలోకీ వెళ్ళింది. పండుగనాడు ప్రతి వీధికీ బండి యాప్ చెప్పిన వేళకే వచ్చింది. నీ షట్టరు దిగదు. కోడికాళ్ళ ఎసరు దించెయ్యమని మీ పిన్నికి చెప్పు.

ఇక నా సంగతి.

పొట్లాన్ని ఆ ఫోల్డర్లో తప్ప ఎక్కడైనా పెట్టుకోమన్నావు. సరే, బిల్డ్ ఏ ఫోల్డర్ని ఊడ్చదో వెతికాను. ఒకటి దొరికింది. బిల్డ్ దాన్ని తాకదు, గౌరవంగా చదువుకుని పోతుంది. అందులో ఒక నిండు చంద్రుడి బొమ్మ ఉంది. ఇంత పవిత్రమైన చోటు ఇంకెక్కడ దొరుకుతుందనుకుని, చంద్రుడి పక్కన పెట్టాను. పండుగనాడు ఉదయం కూడా లేవగానే కొత్తది తీసి మార్చాను, వెనక మేయ్-చూ మళ్ళీ అదే బకెట్టుతో నిలబడి ఉన్నా పట్టించుకోలేదు. "అన్నిటికన్నా కొత్త బొమ్మ ఏదుంటే అదే చూపిస్తుంది" అని నువ్వు రాసిన వాక్యం అప్పుడు గుర్తు రాలేదు. ఇప్పుడు రోజంతా అదే వినిపిస్తోంది.

సాయంత్రం వీధంతా పొగ. అందరూ మాంసం కాలుస్తున్నారు. పిల్లలు పంపరపనస తొక్కలు నెత్తిన టోపీల్లా పెట్టుకుని తిరుగుతున్నారు. మేయ్-చూ కొత్త వేళ చూసుకుందామని ఫోన్ తీయబోతుంటే, కింది ఇంటి ముసలమ్మ ఆమె వంక చూసింది, తన ఫోన్ వంక చూసింది, మళ్ళీ ఆమె వంక చూసింది.

"మేయ్-చూ, ఇది నువ్వే కదూ? బకెట్టు కూడా అదే!"

వీధిలో అందరూ ఫోన్లు తీశారు. ఊళ్ళో ప్రతి ఫోన్లోనూ, నిండు చంద్రుడు ఉండాల్సిన చోట, మా ఆవిడ. చేతిలో చేపముళ్ళు, వెనక సంచులు, ముందు పచ్చ పొట్లం. ఎవరో ఫక్కున నవ్వారు. ఆ తర్వాత వీధి వీధంతా నవ్వింది. సరిగ్గా అప్పుడే బండి పాట వినపడింది. చెప్పిన వేళకి, చెప్పిన చోటుకి. మేయ్-చూ నెమ్మదిగా నడిచి వెళ్ళి సంచులన్నీ బండిలో వేసి వచ్చింది. ఇన్నాళ్ళలో ఆమె పరిగెత్తకపోవడం అదే మొదటిసారి. నాకు భయమేసింది.

పైకొచ్చాక ఒకటే అడిగింది. "నా ఫోటో ఊరందరికీ పంచడానికి ఎవరి అనుమతి తీసుకున్నారు?"

చెల్లెమ్మా, ముప్పై ఏళ్ళుగా నేను అందరినీ అడిగే ప్రశ్న అది. నన్ను ఎవరూ అడగలేదు.

వెంటనే తీసేస్తానని కూర్చున్నాను. అంతలో పట్టణ కార్యాలయం నుంచి ఫాన్ గారికి ఫోన్ వచ్చిందట, ఆయన నాకు ఉత్తరం రాశారు, క్రియాపదాలతో సహా. పండుగ చెత్త అంతా ఇంత తొందరగా తొలగిపోవడం వాళ్ళు ఎప్పుడూ చూడలేదట. వేళలు సరిగ్గా ఉండటం ఒక కారణం. రెండోది, యాప్ తెరవగానే ఆ పెద్దావిడ చూసే చూపు చూశాక ఎవరికీ ఆలస్యం చేసే ధైర్యం రాలేదట. పని మనకే ఇచ్చారు. ఆ బొమ్మ తియ్యకూడదన్నది షరతు.

ఆ ఉత్తరం మేయ్-చూకి చదివి వినిపించాను. వెళ్ళి అద్దంలో చూసుకుంది. తర్వాత "జుట్టుకి రంగు వేయించుకుని వస్తాను. అప్పుడు కొత్తది తియ్యండి. అందాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు" అంది.

అందుకని ఇవాళ ఉదయం నా చేత్తో నేనే ఆ ఫైలుని ఆమె పేరు మీద రాశాను. చదవడానికి ఊరందరికీ అనుమతి ఉంది. మార్చడానికి, తీసెయ్యడానికి ఆమెకి తప్ప ఎవరికీ లేదు. ఈ ముప్పై ఏళ్ళలో నేను సరిగ్గా పెట్టిన అనుమతి ఇదొక్కటేనని ఆమె అంటోంది.

నీ అన్న,
కో మెంగ్-షుంగ్.

తా.క.: ఇప్పుడు మా ఇంట్లో చెత్త లేదు, సంచులూ లేవు. కొత్త ఫోటోకి వెనక ఏం పెట్టాలని అడిగితే, "మీరు నిలబడండి" అంది.